సర్కారు దస్త్రము – పౌరుని అంతరంగము

ఆంధ్రదేశమున పల్లెపట్టుల కరణము యొక్క అధికార మెంతటిదో పెద్దలెల్లరు ఎఱుగుదురు. ఎవరి భూమి యెంత, ఎవరి హద్దు ఎచ్చట, ఎవరి శిస్తు బాకీ యెంత, ఏ దాయాదుల నడుమ ఏ తగవు నలుగుచున్నది అను సమాచారమంతయు కొంత ఆతని లెక్కలలోను, కొంత ఆతని మనస్సులోను ఉండెడిది. ఊరిలో బలవంతులు పెక్కురుండవచ్చును. కాని ఊరివారి సమాచారము చేతనున్నవాడు కరణమొక్కడే. అందుచేతనే భూమిగల రైతు సయితము ఆతని యెదుట అణకువతో మాటలాడెడివాడు.

ఆ వ్యవస్థలో సయితము ఒక కట్టుబాటు కలదు. ఏటేట జమాబందీ జరుగవలయును. కరణము వ్రాసిన లెక్క సరియైనదని కరణమే చెప్పిన చాలదు. పై అధికారి వచ్చి చిట్టా, అడంగలు తెఱపించి చూడవలయును. ఇది మంచి నియమమే. కాని జమాబందీకి వచ్చిన అధికారి ప్రధానముగా చూచునది సర్కారుకు రావలసిన శిస్తు. రైతును గూర్చి వ్రాసినది నిజమా, ఆ వ్రాత ఎవరి చేతికి పోయినది అని రైతు పక్షమున అడుగుటకై ప్రత్యేకముగా నియమింపబడినవాడు ఎవ్వడును లేడు. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వంశపారంపర్యపు గ్రామాధికారుల పదవులను రద్దుచేసెను. కరణము పోయెను, ప్రశ్న మిగిలెను. కవిలెకట్ట స్థానమున కంప్యూటరు వచ్చినపిమ్మట ఆ ప్రశ్న మఱింత పెద్దదాయెను. ప్రజల సమాచారమును ప్రభుత్వము కాపాడుచుండగా, ఆ కాపలాదారుని ప్రజల పక్షమున కనిపెట్టి చూచువా రెవరు?

ఉక్కునగరమున ఒక కుటుంబపు కాగితములు

భిలాయి వంటి నగరమున ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువు కలదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ దేశముతో ఒడంబడిక జరిగెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. నాటినుండి దేశపు నలుమూలల జనము ఈ దుర్గు ప్రాంతమునకు తరలి వచ్చిరి. వారిలో ఉత్తరాంధ్ర జిల్లాలనుండి వచ్చిన తెలుగు కుటుంబములు పెక్కు. నాడు ఇది మధ్యప్రదేశ్. 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్. రాష్ట్రము పేరు మాఱినను నగరపు స్వభావము మాఱలేదు. ఉద్యోగమిచ్చినది కర్మాగారమే. నివసించుటకు క్వార్టరు, త్రాగుటకు నీరు, వెలుతురునకు విద్యుత్తు, వైద్యమునకు సెక్టరు 9 ఆసుపత్రి, పిల్లలకు బడులు సమకూర్చినదియు కర్మాగారమే.

సామాన్యమైన పట్టణమున ఒక మనుష్యుని వివరములు పదిచోట్ల చెదరియుండును. వైద్యునికి ఆతని జీతము తెలియదు. ఇంటి యజమానికి ఆతని వ్యాధి తెలియదు. బడిపంతులునకు ఆతని అప్పులు తెలియవు. ఈ చెదరియుండుటయే తెలియకుండ ఒక రక్షణ. ఉక్కునగరమున సర్వీసు రిజిస్టరు, వైద్యపు పుస్తకము, క్వార్టరు కేటాయింపు, ప్రావిడెంటు ఫండు అప్పు, కులధ్రువపత్రము, వారసుల పేరులు అన్నియు ఒకే సంస్థ చెంతకు చేరును. ఇది దోషము కాదు. కార్మికుని కుటుంబమును తన కుటుంబముగా చూచుకొనిన ప్రభుత్వరంగపు గొప్పతనమునుండి పుట్టిన పరిస్థితి. కాని నమ్మకము ఎంత గొప్పదో, అది చెడినప్పుడు కలుగు నష్టమును అంతే గొప్పది.

కేంద్ర ప్రభుత్వోద్యోగికి ఈ విషయమున రెండు ముఖములు కలవు. పగటివేళ ఆతడు ఇతరుల దస్త్రమును కాపాడువాడు. సాయంకాలము ఇంటికి వచ్చినపుడు తానే ఎవరి దస్త్రముననో ఒక పుట. 2014లో కేంద్ర కార్యాలయములలో ఆధార్‌తో ముడిపడిన హాజరుపద్ధతి మొదలయ్యెను. అదే సంవత్సరము నవంబరు 10న పెన్షనుదారులకు వేలిముద్రతో జీవనప్రమాణ మిచ్చు పద్ధతి వచ్చెను. వీని సౌకర్యము కాదనరానిది. కాని వేలిముద్ర తాళపుచెవి వంటిది కాదు. అది పోయినచో మఱొకటి చేయించుకొనుటకు వీలులేదు.

లోకము నేర్చిన పాఠము

మంచి ఉద్దేశముతో సేకరించిన వివరము చెడ్డచేతులలో పడినచో ఏమగునో హాలెండు చరిత్ర చెప్పుచున్నది. ఆ దేశపు జనాభా రిజిస్టరులు ఐరోపాలో చక్కని క్రమము గలవని పేరొందినవి. పౌరుని మతము సయితము వానిలో వ్రాయబడియుండెను. 1940లో జర్మను సేనలు దేశము నాక్రమించినపుడు ఆ క్రమమే యూదులను ఏరి పట్టుటకు ఉపకరించెను. 1943 మార్చి 27 రాత్రి ఆమ్‌స్టర్‌డామ్‌లో కొందరు దేశభక్తులు ఆ రిజిస్టరు కార్యాలయమును తగులబెట్టిరి. పండ్రెండుమంది తరువాత కాల్చివేయబడిరి. ఆ దేశపు యూదులలో లక్షకు పైబడి హతులైరి. రిజిస్టరు వ్రాసిన గుమాస్తాలలో ఒక్కడును ఈ ఫలితమును కోరి వ్రాసియుండడు.

యుద్ధానంతరము ఈ జ్ఞాపకము మిగిలిన జర్మనీలోనే తొలి మార్గము దొరకెను. 1970లో హెస్సె రాష్ట్రము ప్రపంచమున మొట్టమొదటి సమాచార రక్షణ చట్టమును చేసెను. గమనింపదగిన విషయమేమనగా, ఆ చట్టము వర్తకులకొఱకు కాదు, ప్రభుత్వ కార్యాలయములకొఱకు పుట్టెను. దాని ప్రకారము ఒక కమిషనరు నియమింపబడును. ఆతనిని ఎన్నుకొనునది శాసనసభ. ఆతనికి ఆజ్ఞ యిచ్చు అధికారము ఏ మంత్రికిని లేదు. 1973లో స్వీడను దేశమంతటికి వర్తించు చట్టమును చేసి, దాని అమలుకు ప్రత్యేక కార్యాలయమును స్థాపించెను. ప్రభుత్వముపై పౌరుని ఫిర్యాదు వినుటకు 1809లోనే అంబుడ్స్‌మన్‌ను ఏర్పఱచిన దేశమునకు ఇది వింత కాదు.

1983లో పశ్చిమ జర్మనీలో జనగణన తలపెట్టగా ప్రజలు ఎదురుతిరిగిరి. డిసెంబరు 15న ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము తీర్పు చెప్పెను. తన్ను గూర్చిన సమాచారము ఎవరికి, ఎందుకు పోవలయునో నిర్ణయించు హక్కు పౌరునిదే అనియు, కంప్యూటరు యుగమున స్వతంత్ర రక్షణాధికారుల ప్రమేయము లేనిచో ఆ హక్కు నిలువదనియు అందలి సారాంశము. జనగణన వదలివేయబడలేదు, చట్టము సవరింపబడి 1987లో జరిగెను. పర్యవేక్షణ యనగా ప్రభుత్వపు పనిని ఆపుట కాదు, సరియైన త్రోవలో పెట్టుట అని దీనివలన తెలియును.

జనగణన చట్టము ఇచ్చిన మాట

స్వతంత్ర భారతము ఈ విషయమున అజ్ఞానముతో బయలుదేరలేదు. 1948 జనగణన చట్టపు 15వ సెక్షను ప్రకారము, గణకుడు వ్రాసికొనిన వివరములను తనిఖీచేయు హక్కు ఎవ్వరికిని లేదు. ఆ చట్టము క్రింది నేరముల విచారణకు తప్ప అవి న్యాయస్థానమున సాక్ష్యముగా చెల్లవు. గడపలోనికి వచ్చిన గణకునితో గృహిణి నిస్సంకోచముగా మాటలాడుటకు ఈ వాగ్దానమే ఆధారము. కాని ఈ మాట జనగణనకు మాత్రమే పరిమితము. తక్కిన వేలకొలది దస్త్రములకు అట్టి వాగ్దానము లేదు. వాగ్దానమున్నచోట సయితము అది నిలుపబడుచున్నదా అని బయటనుండి చూచు అధికారి లేడు.

సుబ్బారావుగారి భిన్నాభిప్రాయము

ఈ లోటును మొట్టమొదట స్పష్టముగా గుర్తించినవారిలో ఒక తెలుగు న్యాయమూర్తి యుండుట మనకు గర్వకారణము. 1962 డిసెంబరు 18న ఖరక్‌సింగ్ కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఒక బందిపోటు కేసున సాక్ష్యము లేక విడువబడిన వ్యక్తిపై ఉత్తరప్రదేశ్ పోలీసులు హిస్టరీ షీటు తెఱచిరి. రాత్రివేళల తలుపు తట్టుట, రాకపోకలను వ్రాసికొనుట, ఇంటిపై రహస్యముగా కన్ను వేయుట సాగించిరి. ఆరుగురు న్యాయమూర్తులలో నలుగురు రాత్రి సోదాలను మాత్రము కొట్టివేసి, గోప్యత ప్రాథమికహక్కు కాదని తక్కినవానిని నిలబెట్టిరి. రాజమహేంద్రవరమున జన్మించిన జస్టిస్ కోకా సుబ్బారావుగారు, జస్టిస్ షాగారితో కలసి, భిన్నాభిప్రాయము వ్రాసిరి. నిరంతరము కనిపెట్టబడు మనుష్యుని సంచారము స్వేచ్ఛాసంచారము కాదు. రాజ్యాంగమున గోప్యత అను మాట లేకపోయినను వ్యక్తిస్వేచ్ఛకు అది అవసరమైన అంగము. కావున ఆ నియమములన్నియు చెల్లవు అని వారి మతము.

1975 మార్చిలో గోవింద్ కేసు మధ్యప్రదేశ్ నుండి, అనగా నాడు భిలాయి యున్న రాష్ట్రమునుండి, సుప్రీంకోర్టునకు వచ్చెను. ఇదియు పోలీసు నిఘా నియమములను గూర్చినదే. న్యాయస్థానము నియమములను కొట్టివేయలేదు; కాని అవి రాజ్యాంగవిరుద్ధతకు అపాయకరమైనంత దగ్గరగా నున్నవని హెచ్చరించి, సవరింపుమని ప్రభుత్వమునకు సూచించెను. 1980 డిసెంబరులో మలక్‌సింగ్ కేసున మఱియొక తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిగారు నిఘా రిజిస్టరును గూర్చి తీర్పు వ్రాసిరి. సహేతుకమైన నమ్మకము లేనిదే ఎవరి పేరును అందు చేర్చరాదనియు, నిఘా పౌరుని జీవితమున చొఱబడునంతగా ఉండరాదనియు చెప్పిరి.

ఈ తీర్పులన్నిటియందును ఒక కొఱత కలదు. చేర్చరాదనిరి, మితిమీఱరాదనిరి, కాని చేర్చినది సరిగా చేర్చిరా అని చూచునది మరల పోలీసు పై అధికారియే. తన రిజిస్టరులో తన పేరున్నదని తెలియని పౌరుడు న్యాయస్థానమునకు ఎట్లు పోగలడు?

హైదరాబాదునుండి వచ్చిన బ్యాంకు కేసు

1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపు చట్టపు 73వ సెక్షనును సవరించెను. దాని ప్రకారము కలెక్టరు వ్రాతమూలముగా అధికారమిచ్చిన ఏ వ్యక్తి యైనను బ్యాంకులోనికి ప్రవేశించి, ఖాతాదారులు పెట్టిన పత్రములను తెఱచి చూడవచ్చును, స్వాధీనము చేసికొనవచ్చును. ప్రభుత్వపు ఉద్దేశము స్టాంపు సుంకపు ఎగవేతను పట్టుట. ఉద్దేశము న్యాయమే. కాని కారణము వ్రాయనక్కఱలేదు. పంపబడు వ్యక్తికి ఇంత హోదా యుండవలెనను నియమము లేదు. రాష్ట్ర హైకోర్టు ఈ సవరణను కొట్టివేసెను. 2004 నవంబరు 1న సుప్రీంకోర్టు ఆ తీర్పును స్థిరపఱచెను. పత్రము బ్యాంకుకు ఇచ్చినంతమాత్రమున ఖాతాదారు దానిపై గోప్యతను వదలుకొన్నట్లు కాదనియు, గోప్యత స్థలమునకు కాక మనుష్యునికి చెందినదనియు నిర్ణయించెను. ఈ విషయమున అమెరికా సుప్రీంకోర్టు 1976లో పట్టిన త్రోవను మన న్యాయస్థానము పట్టలేదు.

తెలుగుగడ్డపై పుట్టిన ఈ కేసు సామాన్యులకు అంతగా తెలియదు. ఆసుపత్రిలో వ్రాయబడిన రోగపు వివరమైనను, వేతనవిభాగమునకు ఇచ్చిన బ్యాంకు ఖాతా వివరమైనను, ఇచ్చినవాని హక్కు ఇచ్చుటతో ముగియదని దీనినుండి గ్రహింపవలసిన నీతి.

కార్యదర్శులే కాపలాదారులు

1996 డిసెంబరు 18న ఫోనుల రహస్యశ్రవణమును గూర్చిన తీర్పు వచ్చెను. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము క్రింద ప్రభుత్వము పౌరుల సంభాషణలు వినుటకు హద్దులు కావలెనని పౌరహక్కుల సంఘము కోరెను. న్యాయమూర్తి ముందు అనుమతి యుండవలెనని సంఘము అడిగినది. అట్టి నిబంధన చట్టమున లేదు గనుక న్యాయస్థానము అంతదూరము పోలేదు. హోంకార్యదర్శి ఆజ్ఞ యుండవలెనని, ఆ ఆజ్ఞను కేబినెట్, న్యాయ, టెలికాం కార్యదర్శుల సంఘము పునర్విచారణ చేయవలెనని నియమించెను. కార్యదర్శులు సమర్థులు, నీతిమంతులు కావచ్చును. అయినను ఒక కార్యదర్శి యిచ్చిన ఆజ్ఞను తోటి కార్యదర్శులు పరీక్షించుట, కరణపు లెక్కను ఇరుగూరి కరణములు సరిచూచుట వంటిదే. 2024 మార్చిలో తెలంగాణలో ఫోనుల అక్రమశ్రవణము జరిగెనను ఆరోపణలపై పోలీసు కేసు నమోదయ్యెను. ఆ ఆరోపణల నిజానిజములు న్యాయస్థానములు తేల్చవలసినవి. కాని బయటివారి కన్ను లేని అధికారమును గూర్చి ప్రజలకు కలుగు సంశయము మాత్రము నిజమైనది.

ఆధార్, తొమ్మండుగురి తీర్పు

2009 జనవరిలో విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ కార్యనిర్వాహక ఉత్తర్వుచే ఏర్పడెను. దానికి చట్టము 2016లో గాని రాలేదు. అనగా అంతవఱకు కోట్లకొలది జనుల వేలిముద్రలు, కనుపాపల గుర్తులు పార్లమెంటు చేసిన చట్టము లేకుండగనే సేకరింపబడినవి. దీనిని ఆక్షేపించిన కేసున, గోప్యత అసలు ప్రాథమికహక్కు కానే కాదని ప్రభుత్వము వాదించెను. కృష్ణాజిల్లా వాస్తవ్యులైన జస్టిస్ జాస్తి చలమేశ్వరుగారు అధ్యక్షత వహించిన ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము 2015 ఆగస్టు 11న ఈ ప్రశ్నను విశాల ధర్మాసనమునకు నివేదించెను. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమికహక్కు అని ప్రకటించిరి. చలమేశ్వరుగారు ప్రత్యేకముగా తమ అభిప్రాయమును వ్రాసిరి. సుబ్బారావుగారి భిన్నాభిప్రాయము ఏబదియైదు సంవత్సరముల పిమ్మట దేశపు న్యాయమాయెను.

హక్కు సిద్ధించెను; కాపలా మాత్రము సిద్ధింపలేదు. ఆధార్ చట్టపు 47వ సెక్షను ప్రకారము, ఆ చట్టము క్రింది నేరముపై ఫిర్యాదు చేయగలిగినది ప్రాధికార సంస్థ యొక్కటియే. సమాచారమును కాపాడునది, నియమములు చేయునది, తప్పు జరిగినపుడు ఫిర్యాదు చేయునది ఒకే సంస్థ. తన సమాచారము పోయిన పౌరునకు న్యాయస్థానపు తలుపు మూసియుండెను. 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పు ఈ లోటును ఎత్తిచూపగా, 2019 సవరణచే బాధితునికి సయితము ఫిర్యాదు చేయు హక్కు వచ్చెను.

ఆ నడుమ జరిగినదేమి? నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు ఎవరైన చూచునట్లు బయటపడియున్నవని 2017 మేలో స్వతంత్ర పరిశోధకులు అంచనా వేసిరి. వానిలో రెండు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకు చెందినవి. 2018 ఏప్రిలులో అదే రాష్ట్రపు గృహనిర్మాణ పథకపు వెబ్‌సైటులో లక్షకు పైగా లబ్ధిదారుల సంఖ్యలు, కులమత వివరములతో సహా కనబడుచున్నవని వార్తలు వెలువడెను. ఇందు దుర్బుద్ధి కలదనుటకు ఆధారము లేదు. పారదర్శకత పేరిట పేదల జాబితాలు ప్రకటించు అలవాటే దీనికి మూలము. గమనింపవలసినది వేఱొకటి. ఈ తప్పులను కనిపెట్టినది ఏ ప్రభుత్వ తనిఖీదారుడును కాదు. తమంతట తాము చూచిన కొలదిమంది పౌరులు.

రాజ్యాంగపు స్వతంత్రాధికారి చూచినపుడు ఫలము వేఱుగా నుండునని 2022 ఏప్రిలులో తేటపడెను. కంప్ట్రోలర్ ఆడిటర్ జనరల్ ఆ ప్రాధికార సంస్థ పనితీరుపై నివేదికను పార్లమెంటు ముందుంచెను. ఆధార్ ధ్రువీకరణకు వాడు పరికరములలో పౌరుల సమాచారము నిలువయుండదని సంస్థ రూఢి చేసికొనలేదని అందు కలదు. అయితే ఆడిటు పని ప్రభుత్వపు సొమ్మును, పనితీరును చూచుట. పౌరుని ఫిర్యాదు వినుట కాదు.

కుదించుకొనిపోయిన స్వాతంత్ర్యము

2012 అక్టోబరులో జస్టిస్ ఎ. పి. షాగారి నిపుణుల బృందము కేంద్రమునను ప్రాంతములలోను గోప్యతా కమిషనరులు ఉండవలెనని సూచించెను. 2018 జూలై 27న జస్టిస్ బి. ఎన్. శ్రీకృష్ణగారి సంఘము చట్టపు చిత్తును సమర్పించెను. ఆ చిత్తులో రక్షణాధికారుల ఎంపిక సంఘమునకు భారత ప్రధాన న్యాయమూర్తి గాని, వారు నియమించిన న్యాయమూర్తి గాని అధ్యక్షులు. 2019 డిసెంబరులో పార్లమెంటులో ప్రవేశపెట్టిన బిల్లులో న్యాయమూర్తి కనబడడు. ఎంపిక కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కార్యదర్శుల చేతికి వచ్చెను. 2022 ఆగస్టులో ఆ బిల్లు ఉపసంహరింపబడెను. 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదము పొందిన చట్టమున ఎంపిక పద్ధతియే లేదు; దానిని ప్రభుత్వము నియమములచే నిర్ణయించును. 2025 నవంబరులో వచ్చిన నియమములు కార్యదర్శుల అధ్యక్షతను నిలిపి, ఇద్దరు నిపుణులను చేర్చినవి.

ఈ చట్టముచే ఏర్పడు డేటా ప్రొటెక్షన్ బోర్డు స్వతంత్రముగా పనిచేయవలెనని చట్టమే చెప్పుచున్నది. నియమము ఉల్లంఘించిన సంస్థకు 250 కోట్ల రూపాయలవఱకు జరిమానా విధింపగలదు. ఇవి చిన్న అధికారములు కావు. కాని బోర్డు సభ్యుల పదవీకాలము రెండేండ్లు. వారు మరల నియమింపబడుటకు అర్హులు. కంప్ట్రోలర్ ఆడిటర్ జనరలునకు ఆరేండ్లు. పదవి విడిచిన పిమ్మట ప్రభుత్వము క్రింద మఱే ఉద్యోగమునకును అర్హత లేదు. రాజ్యాంగకర్తలు ఆ తలుపును ఎందుకు మూసిరో ప్రభుత్వోద్యోగికి వేఱుగా చెప్పనక్కఱలేదు. తన కొనసాగింపు ఎవరి చేతనున్నదో వారిని తప్పుపట్టుట ఎంత ధైర్యవంతునకైనను కష్టము.

ఇంతేకాక, దేశభద్రత, శాంతి మొదలగు కారణములచే కేంద్రప్రభుత్వము తాను నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థను చట్టమునుండి మినహాయింపవచ్చునని 17వ సెక్షను. బోర్డు తనంతట తాను ఏ కార్యాలయపు తలుపునైన తట్టి తనిఖీ చేయుటకు స్పష్టమైన అధికారము లేదు. సమాచారము బయటపడెనను తెలివిడియో, ఫిర్యాదో, ప్రభుత్వపు నివేదనయో, న్యాయస్థానపు ఆదేశమో రావలయును. విధింపబడిన జరిమానా సంచితనిధికి పోవును, నష్టపడినవానికి కాదు. ప్రభుత్వ సంస్థ జరిమానా కట్టినచో సర్కారు కుడిచేతి సొమ్ము ఎడమచేతికి మాఱినట్లే. సంస్థలపై ముఖ్యమైన బాధ్యతలు నియమములు వెలువడిన పదునెనిమిది నెలలకు, అనగా 2027 మేలో, అమలునకు వచ్చునట్లు నిర్ణయింపబడినవి.

ప్రభుత్వపు వాదమును తేలికగా త్రోసివేయరాదు. ఉగ్రవాదముతో పోరు దేశమునకు కొంత రహస్యము కావలయును. కోట్లమందికి రేషను, పెన్షను అందించు యంత్రాంగమును ప్రతి చిన్న ఫిర్యాదుకు నిలిపివేసినచో నష్టపడునది పేదవాడే. అయితే రహస్యము అవసరమైనచోట స్వతంత్ర పరీక్షకుని అవసరము తగ్గదు, హెచ్చును. ఏలయన అచ్చట పౌరుడు తనంతట తాను చూడజాలడు.

ఐరోపాలో ఈ చర్చ ముగిసినదని చెప్పవచ్చును. జర్మను రాష్ట్రములలో కొన్ని రక్షణాధికార సంస్థలు ప్రభుత్వపు తనిఖీకి లోబడియుండగా, అది పూర్ణ స్వాతంత్ర్యమునకు విరుద్ధమని 2010 మార్చి 9న ఐరోపా న్యాయస్థానము తీర్చెను. ఐరోపా సమాఖ్య తన సొంత కార్యాలయములపైననే ఒక పర్యవేక్షకుని 2004లో నియమించుకొనెను. ఆ పర్యవేక్షకుడు 2024 మార్చిలో, ఒక అమెరికా కంపెనీ సాఫ్ట్‌వేరు వాడుకలో ఐరోపా కమిషనే నియమములు ఉల్లంఘించెనని నిర్ణయించెను. కమిషన్ తప్పు దిద్దుకొన్నదని 2025 జూలైలో ఆ వ్యవహారము ముగించెను. కమిషన్ పని ఆగలేదు. దాని పరువును పోలేదు.

గోప్యత ఎవరికి కవచము?

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. గోప్యత బలహీనునికి కవచము కావలెను గాని బలవంతునికి తెఱ కారాదు. 2005 సమాచారహక్కు చట్టము వ్యక్తిగత సమాచారమును కాపాడుచునే, విస్తృత ప్రజాప్రయోజన మున్నచో వెల్లడింపవచ్చునని 8(1)(జె) క్రింద చెప్పెను. 2023 చట్టపు 44(3) సెక్షను ఆ మాటలను తీసివేసి, వ్యక్తిగత సమాచారమునకు సంపూర్ణమైన మినహాయింపు నిచ్చెను. ఇది 2025 నవంబరులో అమలునకు వచ్చెను. ప్రజాప్రయోజనమును గూర్చిన 8(2) సెక్షను ఇంకను ఉన్నది; కాని దానిని తూచువాడు మొదట ఆ కార్యాలయపు అధికారియే. ఒక చేత పౌరుని సమాచారముపై ప్రభుత్వమునకు మినహాయింపు, మఱొక చేత ప్రభుత్వాధికారి సమాచారముపై పౌరునికి నిషేధము: ఈ రెండింటి నడుమ త్రాసు పట్టువాడు స్వతంత్రుడు కానిచో ముల్లు ఎటు మొగ్గునో ఊహింపవచ్చును. సమాచార కమిషనరుల పదవీకాలమును, జీతమును నిర్ణయించు అధికారము సయితము 2019 సవరణచే కేంద్రప్రభుత్వమునకు చేరెను.

తన్ను గూర్చి వ్రాసినది తాను చూడగలుగుట వలన మేలేమో ఉద్యోగులకు అనుభవమే. చిరకాలము రహస్య నివేదికలో ప్రతికూలమైన వ్రాత మాత్రమే ఉద్యోగికి తెలుపబడెడిది. తక్కువ శ్రేణి వ్రాసి పదోన్నతిని అడ్డగించినను ఆతడు ఎఱుగడు. 2008 మేలో దేవ్‌దత్ కేసున సుప్రీంకోర్టు, ప్రతి వ్రాతయు ఉద్యోగికి తెలుపవలెనని నిర్ణయించెను. 2009 మే 14న సిబ్బంది శాఖ ఉత్తర్వు ఇచ్చెను. ఆ నాటినుండి నివేదిక వ్రాయు అధికారి కలము కొంత జాగ్రత్తగా నడచుచున్నది. కార్యాలయము కూలలేదు, క్రమశిక్షణ చెడలేదు. ఉద్యోగికి మంచిదైన ఈ ధర్మము రేషను కార్డుదారునకును, కాంట్రాక్టు కూలికిని మంచిదే కదా.

2021 అక్టోబరు 27న పెగసస్ వ్యవహారమున, అప్పటి ప్రధాన న్యాయమూర్తి, కృష్ణాజిల్లా పొన్నవరమునకు చెందిన జస్టిస్ ఎన్. వి. రమణగారి ధర్మాసనము, దేశభద్రత పేరు ఎత్తినంతమాత్రమున ప్రభుత్వము విచారణను తప్పించుకొనజాలదని చెప్పి, విశ్రాంత న్యాయమూర్తి ఆర్. వి. రవీంద్రన్‌గారి పర్యవేక్షణలో సాంకేతిక నిపుణుల సంఘమును నియమించెను. స్థిరమైన సంస్థ లేనిచోట న్యాయస్థానము తాత్కాలికముగా ఒక దానిని కట్టవలసివచ్చెను. 2022 ఆగస్టులో చదివి వినిపింపబడిన సారాంశము ప్రకారము, పరీక్షించిన 29 ఫోనులలో అయిదింట హానికర సాఫ్ట్‌వేరు కనబడెను. అది పెగససే అని తేలలేదు. ప్రభుత్వము సంఘముతో సహకరింపలేదు. చట్టబలముగల శాశ్వత పర్యవేక్షకుని స్థానమును తాత్కాలిక సంఘము పూరింపజాలదని దీనిచే స్పష్టము.

కంచెయే చేను మేసినచో కాపాడువా రెవరని మన సామెత. కంచెను తీసివేయుట దీనికి మందు కాదు; కంచె లేని చేనునకు పశువులన్నియు బంధువులే. మందు ఏమనగా, కంచెను చూచుటకు వేఱొక కన్ను. ఆ కన్ను ఎట్టిదై యుండవలెనో పై చరిత్రయే చెప్పుచున్నది: ప్రభుత్వమొక్కటియే ఎన్నుకొననిది, కొనసాగింపునకై ఎవరి ముఖమును చూడనిది, పిలువకున్నను తలుపు తట్టగలిగినది, తాను చూచినది శాసనసభ ముందు బహిరంగముగా చెప్పగలిగినది. హెస్సె రాష్ట్రము 1970లో దీనిని చేయగలిగెను. ఆడిటు విషయమున మన రాజ్యాంగకర్తలు 1950లోనే చేసి చూపిరి. సొమ్ము లెక్కకు దేశము అంగీకరించిన ఈ న్యాయమును మనుష్యుల లెక్కకు అంగీకరించుటయే మిగిలియున్నది.

అట్టి సంస్థ వచ్చువఱకు పౌరుని దస్త్రమునకు రక్షణ, దానిని చేతబట్టిన ఉద్యోగి మనస్సాక్షియే. అవసరమునకు మించి అడుగకుండుట, అడిగినదానిని పనికి మించి వాడకుండుట, ఒకరి వైద్యపు కాగితము మఱొకరి బల్లపై పడకుండ చూచుట ప్రతి గుమాస్తా చేయగలిగిన పనులు. అవి చట్టమునకు మాఱు కావు. కాని చట్టము ఎన్నటికైన వచ్చినపుడు, దానిని నిలబెట్టవలసినవియు ఆ చేతులే.